పల్లేరుగాయల కసాయం

నిన్న మందుల అంగట్లో ఒక డబ్బా మీద "గోక్షుర" అని రాసుంటే, ఇదేందని అడిగినా. "పల్లేరుగాయల పొడమ్మా" అన్నాడు అంగడాయన. జమ్మలమడుగులో చెప్పుల్లేకుండా బడికి పోయినోళ్లారా, గుర్తుందా? చేలగట్ల నిండా అవే కదా, ఎన్నిసార్లు గుచ్చుకోలేదు మనకు!

మా నాయన బడిలో అయివారు. శానా కోపిష్టి. ఒకేడు శనగ కోతలప్పుడు మూత్రంలో రాయి వచ్చి, మంచం మీద మెలికలు తిరిగిపోయినాడు. డాక్టరు మాత్రలిచ్చినా అమ్మ మనసు ఊరుకోలేదు. పల్లేరుగాయలు తెచ్చిపెట్టమని చేలకు పోయేవాళ్లనంతా అడిగింది. సాయంత్రానికి ఖాసిం తువ్వాల నిండా మూటగట్టుకొని వచ్చినాడు. బడిలో మా నాయన చేతి దెబ్బలు అందరికంటే ఎక్కువ తిన్నది వాడే.

అమ్మ ఆ కాయల్ని దంచి, నీళ్లు సగమయ్యేదాకా మరగబెట్టి, గుడ్డలో వడగట్టేది. ఇల్లంతా గడ్డి ఉడికిన వాసన. ఖాసిం రోజూ తెచ్చేవాడు. మాత్రలకో, కసాయానికో, నాయన నొప్పి తగ్గి అరుగు మీదికి వచ్చి కూచున్నాడు.

ఆ పొద్దు ఖాసిం కుంటుకుంటా వచ్చినాడు. "ఈడ కూచోరా" అని, నాయన వాడి కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"వద్దు అయివారూ, నా కాలు మీకు తగలగూడదు!" వాడికి ఏడుపొక్కటే తక్కువ.

"కదలాకు నాయనా, ముల్లు లోపలే ఇరుగుతాది" అంటా పిన్నీసుతో ఒక్కొక్కటే తీసినాడు.

బడంతా దద్దరిల్లే ఆ గొంతు అంత మెత్తగా పలకడం నేను అప్పుడే విన్నా. ఇంకొక్కసారి వినాలనుంది.