పన్నెండు చిల్లుల కార్డు

పోయిన ఆదివారం చాలా ఏళ్ళ తర్వాత మా ఊరి ఫుట్‌బాల్ మైదానం ముందు ఆటో దిగాను. గోడ అవతల మ్యాచ్ జరుగుతున్నట్టుంది, అరుపులు వినిపిస్తున్నాయి. సొంతింట్లోకి పోయినట్టు గేట్లోకి నడుస్తుంటే స్టూలు మీద కూచున్న ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "టికెట్ ఏది సారూ?" అంది. ఈ క్లబ్బుకు పదకొండేళ్ళు గోల్‌కీపర్‌గా ఆడానని, ఆ గోల్‌పోస్టు కింద మట్టిలో నా మోకాలి చర్మం ఇంకా ఎంతో కొంత ఉండే ఉంటుందని చెప్పుకున్నాను. ఆమె అంతా శ్రద్ధగా విని, "గట్లనా, మంచిదే. టికెట్ పది రూపాయలు," అంది. కోపం రావాల్సిన చోట మా చిన్నబాపు గుర్తొచ్చాడు.

చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు. వేములవాడ బస్సులో కండక్టర్. టికెట్ దగ్గర ఆయనకు చుట్టమూ లేదు, పక్కమూ లేదు. పెళ్ళైన కొత్తలో ఆయన అత్తగారు రాజన్న దర్శనానికి అల్లుడి బస్సే వెతుక్కుని ఎక్కిందట. ఆమెకు కిటికీ పక్క సీటు చూపించి, మంచినీళ్ళిచ్చి, టికెట్ చింపి చేతిలో పెట్టాడు. ఆ కాగితం ముక్కను అల్లుడి మర్యాద అనుకుని ఆమె మురిసిపోతుండగానే డబ్బులు అడిగాడు. ఆమె బిత్తరపోయి, వచ్చే స్టేజీలో దిగిపోయింది. ఆ అలక తీరడానికి మూడు బతుకమ్మ పండుగలు పట్టింది. ఆయన పెళ్ళాం మా చిన్నమ్మ కూడా తల్లి తరఫున అలిగిందేమో అని మేము అడిగితే, "అలిగేదేముంది? మా అవ్వ టికెట్ కొనాలె గదా," అనేది. మొగుడికి తగ్గ పెళ్ళాం అని అప్పుడే అర్థం చేసుకోవాల్సింది మేము.

ఎనభైల మొదట్లో మా క్లబ్బు జిల్లా పోటీల్లో అట్టడుగు డివిజన్లో ఉండేది. పదకొండు మందికి ఏడు జతల బూట్లు. బంతికి ఎన్ని అతుకులు పడ్డాయంటే, తన్నితే ఒకవైపు పోవాల్సింది ఇంకో వైపు పోయేది. మంచిగా ఆడే కుర్రాడు కనిపించాడంటే మరుసటేడుకు దుబాయి విమానం ఎక్కేవాడు. క్లబ్బు ఖర్చంతా ఊళ్ళో రైసుమిల్లు పటేలు పెట్టేవాడు. అందుకు బదులుగా ఆయన బామ్మర్ది పొట్ట ఊపుకుంటూ ముందు వరసలో ఆడేవాడు, బంతి తన కాళ్ళ దగ్గరికి రాకపోతే మమ్మల్నే తిట్టేవాడు. ఒక ఏడాది పటేలుకు ఎలక్షన్ల మీద మోజు పుట్టింది. ఆటలకు ఇక పైసా ఇవ్వనని కబురు పంపాడు. మాకు కాళ్ళ కింద భూమి కదిలినట్టైంది. పోయి బతిమాలుదామని బయలుదేరుతుంటే చిన్నబాపు అడ్డం వచ్చాడు.

"ఒక్కడే ఇస్తె గాయన చెప్పిన ఆట ఆడాలె. ఇంటికింత ఇస్తె మన ఆట మనం ఆడుతం," అన్నాడు. క్లబ్బు బాధ్యత నెత్తినేసుకున్నాడు.

ఇంటికి నెలకో రూపాయి. ఇచ్చినవాళ్ళకు అట్ట కార్డు, దాని మీద పన్నెండు నెలల గళ్ళు. నెల నెలా తన పంచ్‌తో గడిలో చిల్లు కొట్టేవాడు. అది డ్యూటీ పంచ్ కాదు, సొంతంగా కొనుక్కున్నది. ఆయన సంగతి చెప్పాను కదా. ఉగాది తర్వాత క్లబ్బు మీటింగులో పన్నెండు చిల్లులు ఉన్నవాళ్ళే మాట్లాడాలి, చెయ్యెత్తాలి, క్లబ్బుకు పెద్దగా ఉండాలి. ఒక్క చిల్లు తక్కువైనా నోరు మూసుకుని కూచోవాలి. ఇంతవరకు బాగానే ఉంది. కార్డులు పంచిన రోజు చూద్దుము కదా, అన్నీ ఆడవాళ్ళ పేర్ల మీద ఉన్నాయి! మగవాళ్ళ కార్డు ఆయనదొక్కటే. ఊళ్ళో మగవాళ్ళంతా కొయ్యబారిపోయారు. మా బాపు అయితే తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

"గిదేం ఇకమతురా? బంతాటకు ఆడోళ్ళ పేర్లా?"

"రూపాయి ఎవలిస్తుండ్రే అన్నా? బీడీలు చుట్టే చేతులు ఇస్తున్నయి. పేరు గా చేతులకే ఉంటది. నేను కండక్టరును, నా జీతంల నేనిస్తున్న, నాకొకటి."

మా ఇంట్లోనూ అవ్వ, అంటే మా అమ్మ, చుట్టే బీడీల పైసలతోనే ఉప్పూ పప్పూ వచ్చేవి.

డబ్బు పెట్టాక చూడకుండా ఉంటారా? ఆడవాళ్ళు మ్యాచ్‌లకు రావడం మొదలుపెట్టారు. మైదానం గీత పక్కన వరసగా కూచుని, ఒడిలో చాట, చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని, చేతులు బీడీలు చుడుతుంటే కళ్ళు బంతి వెంట తిరిగేవి. ఆ పొగాకు ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నా వెనక నుంచి వినిపించే మాటలు అంతకంటే ఘాటు. "ఏం బిడ్డా, బంతొస్తుంటె దండం పెడుతున్నవా? పట్టుకోరాదూ!" వాళ్ళ భయానికే నేను మంచి గోల్‌కీపర్‌నయ్యానని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. ఎండాకాలం ఆటలుండవు కాబట్టి మైదానాన్ని తునికాకు ఆరబెట్టడానికి కిరాయికివ్వాలన్నది కూడా వాళ్ళ ఆలోచనే. మూడేళ్ళలో పదకొండు జతల బూట్లు, రెండు కొత్త బంతులు, ఎవరినీ అడుక్కోకుండా బస్సు కిరాయిలు వచ్చాయి. నాలుగో ఏడు మా డివిజన్లో మేమే గెలిచాం.

పై డివిజన్ ఆడాలంటే మైదానం చుట్టూ గోడ ఉండాలన్నారు. అంత డబ్బు మా దగ్గర లేదు. సరిగ్గా అప్పుడే పటేలు తిరిగొచ్చాడు. గోడ తానే కట్టిస్తానన్నాడు, ఇక ఇంటింటికీ రూపాయి అక్కర్లేదన్నాడు. ఒకటే షరతు: కార్డులు బంద్, క్లబ్బు పెద్ద తానే. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు అప్పుడప్పుడు మూలుగుతున్నాయి. పై డివిజన్లో ఒక్క ఏడాది ఆడితే చాలు, షరతులు ఏమైతే నాకేంటి అనుకున్నాను. చిన్నబాపుకూ అదే ఆశ.

మీటింగు రోజు పటేలు మిల్లు నుంచి కుర్చీ తెప్పించుకుని కూచున్నాడు. చిన్నబాపు లేచి, "గీ ఒక్కపారి ఒప్పుకుందాం. గోడ లేస్తె మిగిలింది తర్వాత చూస్కుందాం," అన్నాడు. వెనక వరసలో చిన్నమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

"మాట్లాడేటోళ్ళ కార్డు చూడాలె గదా. నీ కార్డు చూపియ్యి."

ఆయన నవ్వుతూ జేబులోంచి తీశాడు. తీసి చూసుకున్నాడు. నవ్వు పోయింది. పదకొండే ఉన్నాయి. శివరాత్రి నెల గడి ఖాళీ. ఆ నెల జాతర బస్సుల్లో పది రోజులు ఇంటి మొహం చూడలేదు. రూపాయి ఇచ్చాడు, ఊరందరి కార్డులకూ చిల్లు కొట్టాడు, తన కార్డు మరిచిపోయాడు.

"రూపాయి ఇచ్చిండు గదా, గిప్పుడు కొట్టుకుంటె అయిపాయె," అన్నాడు కార్డే లేని పటేలు. పంచ్ చిన్నబాపు జేబులోనే ఉంది. ఆయన దాన్ని బయటికి తీశాడు. కొట్టు, కొట్టు అని లోపల అరుస్తున్నాను.

"పైసలిచ్చిన, టికెట్ తీసుకోలే అనేటోని మాట నేనెన్నడన్న విన్ననా?" అని ఆయన కూచున్నాడు.

అంతే. కార్డులు గాల్లోకి లేచాయి. పటేలు ఇచ్చే గోడ మాకొద్దన్నారు ఆడవాళ్ళు. చిల్లు తక్కువైనవాడు పెద్దగా ఉండకూడదు కాబట్టి చిన్నబాపు స్థానంలో చిన్నమ్మను పెట్టారు. క్లబ్బును మళ్ళీ నిలబెట్టినవాణ్ణి, ఆయన రాసిన నియమంతోనే, ఆయన పెళ్ళామే దింపేసింది. నేను చిన్నమ్మతో ఆ రోజు పోట్లాడాను కూడా.

మూడు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. నాలుగో పొద్దున నేనక్కడ చాయ తాగుతుండగా చిన్నబాపు నోరు విప్పాడు.

"నా కార్డు ఎన్నడు చూసినవు?"

"శివరాత్రి అయినంకనే."

"అప్పుడే చెప్తె ఏమైతుండె?"

"చెప్దామనే అనుకున్న. గంతల పటేలు వచ్చి, కార్డులు బంద్ చేద్దామన్నడు. నువ్వు తలకాయ ఊపినవు." చేతిలోని బీడీకి దారం చుట్టి అప్పుడు తలెత్తింది. "నా పేరు మీద కార్డు నువ్వే రాసినవు గదా. ఉత్తగనే రాసినవా?"

ఆయన పంచ్ తీసి ఆమె చాటలో పెట్టి డ్యూటీకి పోయాడు.

రూపాయి రూపాయి కూడబెట్టి గోడ లేపడానికి నాలుగేళ్ళు పట్టింది. అప్పటికి నా మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. పై డివిజన్ వేరేవాళ్ళు ఆడారు. చిన్నబాపు బతికున్నంత కాలం ప్రతి మ్యాచ్‌కూ వరసలో నిలబడి టికెట్ కొన్నాడు. గేటు దగ్గర కూచున్న చిన్నమ్మ ఒక్కసారైనా ఆయన్ని ఊరికే లోపలికి పోనివ్వలేదు. ఆయన అడగనూ లేదు.

స్టూలు మీది ఆవిడ ఇంకా చెయ్యి చాచే ఉంది. నా వెనక ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. జేబులోంచి పది రూపాయలు తీసిచ్చాను. ఆమె టికెట్ చింపి, ఒడిలోంచి అరిగిపోయిన పంచ్ తీసి దానికి చిల్లు కొట్టింది. ఆ చప్పుడు నేనెరుగుదును. ఆ పంచ్ పట్టిన చేతులు ఒకటొకటిగా పోయినా కాలం ఈ గేటును కాపలా లేకుండా వదల్లేదనుకుంటూ, నా టికెట్ చేతిలో పట్టుకుని లోపలికి నడిచాను.