ఎండినప్పుడు నొక్కాలి

అందరికీ ఆయన పిండిబావ. ఇరవై రెండేళ్ళు కర్మాగారపు బాయిలరు గదిలో గొట్టాలకు ఆస్‌బెస్టాస్ అనే రాతినార చుట్టలు కట్టి, నిలువెల్లా తెల్లటి పొడితో ఇల్లు చేరే మనిషికి మరేం పేరు పెడతారు? ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి దిగితే తిరిగి రాదని యాజమాన్యానికి తెలుసు. తెలిసీ, ముక్కుకు ఒక గుడ్డపేలిక ఇచ్చి చేతులు దులుపుకుంది.

గది మూసేయాలని ఆయనతో కలిపి పన్నెండుమంది కార్మికులం అర్జీ పెట్టాం. చుట్టల తయారీదారు ఇచ్చిన ఇంగ్లీషు, ఫ్రెంచి పత్రాలను తెలుగు చేసే పని తనిఖీ కార్యాలయంలో అనువాదకురాలైన పిండిబావ మరదలికి పడింది. ఇంగ్లీషులో ఉన్నది 'ఫ్రయబుల్'. మట్టిని అలా అంటే మెప్పు: గుల్లబారి పారకు లొంగుతుందని. గొట్టపు చుట్టను అంటే హెచ్చరిక: ఎండినప్పుడు చేత్తో నొక్కితే పొడిగా రాలుతుందని. ఫ్రెంచిలో రెంటికీ 'ఫ్రియాబ్ల్' చెల్లుతుంది. నోట్లో ఇసుకలా విడిపోయే బిస్కెట్టుకు మాత్రం 'సాబ్లే' అంటారు.

"'మెత్తనిది' అని రాసెయ్యమ్మా," అన్నాడు కర్మాగారం మేనేజరు.

"మెత్తనిది మీ కుర్చీ సార్. ఇది రాలేది."

ఆమె అర్థం మొత్తం రాసింది, 'ఎండినప్పుడు' అన్న మాటతో సహా.

తనిఖీనాడు బాయిలరు చల్లార్చారు. అధికారి తొడుగు వేసుకుని చుట్టను నొక్కాడు. అది పిండిముద్దలా వేలికి అంటుకుంది. 'రాలదు' అని రాశాడు.

పత్రంతో వచ్చిన మరదలు వెనకనున్న బావ వైపు తిరిగింది. "బావా, పొద్దున తడిపావా?"

"తడపకుండా ఎప్పుడు ముట్టుకున్నానే? తడిపితే దుమ్ము లేవదని మా గురువు నేర్పాడు. పెద్దమనిషి వస్తున్నాడని ఇవాళ రెండు బాల్చీలు ఎక్కువే పోశా."

"నీ మర్యాద మండా! పన్నెండుమంది ఊపిరి మీద పోశావు కదయ్యా!"

పత్రంలోని వాక్యాన్ని ఆమె గట్టిగా చదివింది. మేనేజరు కళ్ళురిమి చూస్తుండగానే బావ ముందుకొచ్చాడు.

"నేనే తడిపాను సార్. రాసుకోండి. ఆరాక మళ్ళీ నొక్కండి."

అధికారి విసుక్కున్నాడు, అయినా రాసింది కొట్టేసి గదికి సీలు వేశాడు. మూడోరోజు వచ్చి నొక్కితే చుట్ట పొడై రాలింది. గది మూతపడింది. మా పదకొండుమందిని వేరే విభాగానికి మార్చారు.

పిండిబావను మాత్రం తొలగించారు. కారణం: అనుమతి లేకుండా తడిపి తనిఖీకి ఆటంకం కలిగించడం. ఇరవై రెండేళ్ళు ఆ నీళ్ళకు అనుమతి అడగని యాజమాన్యమే ఆ కాగితం మీద సంతకం చేసింది. దాన్ని న్యాయస్థానంలో చదివించి తీరుతాం.