మామకు దొరికిన పదేండ్లు

మా మామను తలచుకుంటే నాకిప్పటికీ కుళ్లే. జమ్మలమడుగులో ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో ఆయన ఒక నాయకుడికి కాపలాగా జీపులో ముందు సీట్లో కూర్చునే మనిషి. ఎక్కడికెళ్లినా వీపు గోడకు ఆనించి, కళ్లు వాకిలి మీద పెట్టి కూర్చునేవాడు. ప్రొద్దుటూరులో గుండె డాక్టరు దగ్గరా అంతే. కుర్చీని గోడకు జరుపుకున్నాకే చొక్కా గుండీలు విప్పాడు.

తోడు వెళ్లిన నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకు ముప్పు తక్కువేనన్నాడు డాక్టరు. ఆ కాస్త ముప్పుకే నాకు చెమట పట్టింది. మామతో మాత్రం గట్టిగా చెప్పాడు.

"సిగరెట్లు మానకపోతే పదేళ్లలో మీకు గుండెపోటు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ."

మామ ముఖం వెలిగిపోయింది. "పదేండ్లా! అంతవరకూ ఉంటానని చెప్తాండారా సార్?"

"నేనలా అనలేదండీ."

మామకది వినపడలేదు. బస్టాండు దగ్గర మైసూరుపాకు కొన్నాడు. తక్కువ ముప్పున్న నేను భయపడి ముట్టలేదు. ఎక్కువ ముప్పున్న ఆయన నా వాటా కూడా తిన్నాడు. ఆ సంతోషం చూసి నాకు ఒళ్లు మండింది.

మామ జీపులో వెళ్లిన ప్రతిసారీ ఎదురుచూస్తూ నిలబడినట్టే, ఆ రోజూ అత్త వాకిట్లో నిలబడి ఉంది.

"డాక్టరు పదేండ్లిచ్చినాడు మే!" అన్నాడు మామ.

అత్త నవ్వలేదు. "సిగరెట్లు ఇడిస్తే ఇంగెన్ని ఇస్తాడో అడిగితివా?"

బాంబుల మధ్య తిరిగిన మనిషి ముఖంలో భయాన్ని నేను మొదటిసారి చూసింది అప్పుడే. జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నాకూ ముప్పుందట అని చెప్పాను.

"నీకేమొచ్చెరా, దున్నపోతు మాదిరి ఉండావు" అంది అత్త, ఆయన మీంచి కళ్లు తిప్పకుండానే.