తిమింగలానికి పట్టే జిగురు

బొమ్మలక్క పగలు పళ్ల డాక్టరు దగ్గర అచ్చులు పోస్తుంది. ఎవరి దవడ ఏ వైపు వంకరో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక అట్టముక్కలతోనో థర్మాకోల్‌తోనో ఏదో ఒకటి చేస్తే తప్ప ఆమెకు ముద్ద దిగదు. చుట్టుపక్కల పిల్లలు కూడా నేర్చుకుంటామంటూ వచ్చి చేరేసరికి భోజనాల బల్ల వాళ్ల వశమైపోయింది. లిఫ్టులు బాగుచేసే మొగుడు కంచం ఒళ్లో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నాడు.

అలాంటి రోజుల్లో పిల్లల లైబ్రరీ మేడమ్ నుంచి కబురొచ్చింది. హాలు కప్పుకు వేలాడదీయడానికి ఒక తిమింగలం కావాలట. శనివారం సాయంత్రానికి అది పైకెక్కి అందరికీ నచ్చితే, మేడమీద ఖాళీ గది ఆదివారాలు ఆమె క్లాసుకిస్తారు. లేకపోతే ఆ గదిలో పాత పత్రికల కట్టలు సర్దేస్తారు. ఆ మాట విన్నప్పటినుంచి బొమ్మలక్క కాళ్లు నేలమీద నిలవలేదు.

ఇంత పెద్ద జీవానికి చేతితో జిగురు పూస్తే కుదరదని తేల్చుకుని, ఆ సాయంత్రమే జిగురుపుల్లను కరిగించి చుక్కలుగా వేసే గ్లూ గన్ కొనడానికి బయల్దేరింది. దుకాణంలో చిన్నదీ పెద్దదీ రెండూ ఉన్నాయి. ఏం అతికిస్తారని దుకాణం ఆవిడ అడిగితే, అన్నీ అతికిస్తానంది. పెద్దది చేతిలోకి తీసుకుని మీట నొక్కి చూసింది. ఇక చిన్నదానివైపు చూడనే లేదు. దారంతా సంచిలో చేయిపెట్టి అది ఉందో లేదో తడుముకుంటూనే వచ్చింది.

ఇంట్లో ఆడపడుచు థర్మాకోల్ పలకలు పట్టుకుని నిలబడింది. గన్ వేడెక్కింది. తిమింగలం చెంప కాబోయే పలకమీద మొదటి చుక్క పడింది. చుక్క నిలవలేదు, చుయ్‌మంటూ లోపలికి దిగిపోయింది. చెంపకు గుప్పెడంత సొట్ట మిగిలింది.

"వదినా, పళ్లు పీకేచోట పనిచేసీ చేసీ, దీనికి దవడే పీకేశావు" అంది ఆడపడుచు.

బొమ్మలక్క తగ్గలేదు. వేడి పనికిరాకపోతే చల్లటిది పనికొస్తుందని, చెప్పులు అతికించే పసుపు జిగురు డబ్బా మూత తీసింది. అది మరీ అన్యాయం. పూసినచోటల్లా థర్మాకోల్‌ను నాకేసినట్టు కరిగించింది. పెనంమీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఆమె పోసే అచ్చుపిండి ఎవరి నోట్లో పడ్డా ఒక్కలాగే గట్టిపడుతుంది. జిగురు కూడా అంతేననుకుంది.

మర్నాడు పని అవగానే కరిగిన ముక్కలతోనే దుకాణానికి పరిగెత్తింది. ఆవిడ నవ్వలేదు. ముక్కను వెలుతురుకేసి తిప్పి చూసింది.

"నిన్న మీరు గన్ చూసి గన్ కొన్నారమ్మా. ముందు ఏ రెండు వస్తువులు కలవాలో అవి నా ముందు పెట్టాలి. గన్ సంగతి ఆ తర్వాత."

అని కౌంటరుమీదే పని మొదలుపెట్టింది. తక్కువ వేడి చిన్న గన్ పెట్టి, దానికోసమే వచ్చే జిగురుపుల్ల దూర్చి ఒక చుక్క వేస్తే, థర్మాకోల్ కిమ్మనకుండా పట్టుకుంది. వెడల్పాటి పలకలకు మాత్రం తెల్ల జిగురు పల్చగా పూసి, గుండుసూదులు గుచ్చి రాత్రంతా వదిలేయమంది. పెద్ద గన్ కూడా దండగ కాదు, చెక్కకూ గట్టి ప్లాస్టిక్‌కూ అదే దిక్కంది. బొమ్మలక్క చిన్నబుచ్చుకోవడం మాట అటుంచి, చిన్న గన్, తెల్ల జిగురు కొనుక్కుని, కొత్త ఆట దొరికిన పిల్లలా ఇల్లు చేరి, కనబడిన ప్రతి చెత్తముక్కనూ ఇంకో చెత్తముక్కకు అతికించి చూసింది. వాటిలో మొగుడి దువ్వెన కూడా ఉంది. శుక్రవారం సాయంత్రానికల్లా ఏది దేనికి పడుతుందో ఆమె వేళ్లకే తెలిసిపోయింది. చెంప సొట్టలో థర్మాకోల్ పొట్టు, తెల్ల జిగురు కలిపి, పుచ్చుపన్నుకు సిమెంటు పెట్టినట్టు కూరింది. పైన కాగితం అంటించి నీలం వేస్తే మచ్చ ఎక్కడుందో ఆడపడుచుకే దొరకలేదు. ఆవిడకు ఆ సంగతి కాస్త బాధగానే ఉంది.

ఆ ఊపులో, వీపుమీద ఇనుప కొక్కెం పెట్టి పెద్ద గన్‌తో చుట్టూ జిగురు పోయబోయింది. మొగుడు కంచం పక్కన పెట్టి లేచాడు.

"ఆగవే. దానికింద పిల్లలు కూర్చుంటారు. బరువు తాడు మొయ్యాలి. జిగురును నమ్మి నెత్తిమీద ఏదీ వేలాడదియ్యకూడదు."

"నిజమేనండీ" అంది. ఆమె అంత త్వరగా ఒప్పుకోవడం చూసి ఆయనకే అనుమానం వచ్చింది. ఇద్దరూ కలిసి పొట్టకింద పలుచటి చెక్క వేసి, దానిచుట్టూ తాడు తిప్పి, పైకి లాగి ముడేశారు. తాడు కదలకుండా మాత్రం అక్కడక్కడా జిగురు పెట్టనిచ్చాడు.

శనివారం ఆయనే నిచ్చెనెక్కి కప్పు కొక్కేనికి కట్టాడు. బొమ్మలక్క కింద నిలబడి తాడు ముడివైపే చూసింది. ఆయన చేయి వదిలేశాడు. తిమింగలం ఓసారి అటూ ఇటూ ఊగి, తల కొంచెం దించి, నిలిచింది. వెంటనే చాపమీది పిల్లలు వెల్లకిలా పడుకుని, దాని పొట్టలో ఏముందో వాదించుకోవడం మొదలుపెట్టారు. ఎవరు పిలిచినా లేవలేదు.

లైబ్రరీ మేడమ్ వాళ్లను దాటుకుంటూ వచ్చి, పత్రికల కట్టలకు ఇంకో చోటు చూసుకుంటామంది. ఈ ఆదివారంనుంచే మొదలుపెడతారా అని అడిగింది.

"మొదలుపెడతానండీ" అంది బొమ్మలక్క. "ఆ గదిలో గన్‌లు పెట్టడానికి ప్లగ్గులెన్నున్నాయి?"

ఒక్కటేనట. ఆమె తలెత్తి నిచ్చెనవైపు చూసింది. అప్పుడే దిగుతున్న మొగుడు మధ్యమెట్టు మీదే ఆగి, పనిముట్ల సంచి అందించమన్నాడు.