రొయ్యల వ్యాసంలో మొదటి పేరు

ఈమధ్య వచ్చే శుభలేఖల్లో పెళ్ళికొడుకెవరో కనిపెట్టడం నా వయసువాడికి కొంచెం శ్రమగానే ఉంటోంది. దేవుళ్ళు, కీర్తిశేషులు, తాతగార్లు, పెదనాన్నలు, మేనమామలు అందరూ అయ్యాక, అడుగున కాస్త చోటు మిగిలితే ఆ కుర్రాడి పేరు వేస్తున్నారు. మొన్న మండపేటలో ఒక పెళ్ళికి వెళ్ళి, చదివింపుల కవరు మీద కార్డులో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు రాసి ఇచ్చాను. అది పెళ్ళికొడుకు తాతగారిది. ఆయనేమీ అనుకోలేదుట. కవరు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారని విన్నాను.

2001 జూన్‌లో నేను రాజమండ్రికి దగ్గర్లో ఉన్న ఒక చేపల పరిశోధన కేంద్రానికి డాక్యుమెంటేషన్ ఆఫీసరుగా బదిలీ అయి వచ్చాను. హోదా పేరు ఘనంగా ఉన్నా పని లైబ్రేరియన్‌దే. కేంద్రానికి పైన డైరెక్టరు, ఆయన కింద ప్రిన్సిపల్ సైంటిస్టులు, వాళ్ళ కింద సీనియర్ సైంటిస్టులు. నేను ప్రత్యేకించి ఎవరి కిందా కాదు గనక అందరి కిందా ఉండేవాణ్ణి. పై మార్చికి రిటైర్మెంటు.

వర్షాలు మొదలయ్యాక ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కేంద్రంలో సైంటిస్టులు ఎక్కువైపోయారని వాళ్ళకి తోచిందట. ఎవరి పరిశోధనని పదిమంది ఉదహరించారో వాళ్ళుంటారు. లెక్క ఫలానా గీత దాటనివాళ్ళని మిగులు సిబ్బందిగా వేరే కేంద్రాలకి పంపుతారు. లెక్క తీయవలసింది డాక్యుమెంటేషన్ ఆఫీసరు. అది సంపూర్ణమని ధ్రువీకరించి సంతకం చెయ్యవలసింది డైరెక్టరు.

లెక్క ఎలా తీస్తారో చెబుతాను. పరిశోధకుడు వ్యాసం రాస్తే, తాను ఎవరెవరి వ్యాసాల మీద ఆధారపడ్డాడో చివర చెప్పుకుంటాడు. దాన్నే సైటేషన్ అంటారు. అలాంటి చివరి పేజీలన్నీ కలిపి, ఫలానావారిని ఫలానావారు ఉదహరించారని పేర్లవారీగా వేసే పుస్తకం సైటేషన్ ఇండెక్స్. ఆ సంపుటాలు విశాఖపట్నంలో విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉండేవి. అక్షరాలు గసగసాలంత. భూతద్దం మనమే తీసుకెళ్ళాలి.

సర్క్యులర్ వచ్చిన వారానికల్లా కేంద్రంలో గాలి మారింది. అంతవరకూ లైబ్రరీ ఏ వైపుందో తెలియని పెద్దలు వచ్చి నా ఆరోగ్యం అడిగారు. ఒక ప్రిన్సిపల్ సైంటిస్టు తన గదిలో నాకు స్వయంగా కుర్చీ జరిపి వేశారు. సర్వీసు మొత్తంలో నాకు భయం వేసిన సందర్భాల్లో అది ముఖ్యమైనది.

అందరికంటే ఎక్కువ భయపడింది వి. వి. సత్యనారాయణ గారు. మొగల్తూరు వైపు సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, రొయ్యల వ్యాధుల మీద డాక్టరేట్ చేసిన మనిషి. తెల్లమచ్చ వ్యాధి తగిలి చెరువులకి చెరువులు ఊడ్చుకుపోయిన రోజుల్లో, రొయ్యపిల్లని చెరువులో వదలకముందే పరీక్ష చేసే ఒక పద్ధతి పట్టుకున్నారు. దాని తర్వాతి ట్రయల్ అప్పుడు మా ట్యాంకుల్లో సగంలో ఉంది. మిగులు సిబ్బందికి చూపిస్తున్న పోస్టింగు మాత్రం, సముద్రాన్ని మ్యాపులో చూసి తృప్తిపడాల్సిన జిల్లాలో.

"వెళ్ళమంటే వెళ్తానండి," అన్నారాయన. "ట్యాంకుల్లో ఉన్నవాటినేం చెయ్యమంటారు? సారుకి ట్రాన్స్‌ఫరైంది, కాస్త ఆగండమ్మా అని రొయ్యలకి చెప్పలేం కదండీ."

విశాఖపట్నంలో ఆయన పేరు తియ్యగానే నా ప్రాణం లేచొచ్చింది. పొడుగాటి వరుస! కాస్త కిందికి చదివాక ప్రాణం మళ్ళీ యథాస్థానానికి వెళ్ళింది. ఆ వరుసలో రొయ్యల పక్కనే మూత్రపిండాలున్నాయి, వంతెనలున్నాయి, కొబ్బరి తెగుళ్ళున్నాయి. అన్నవరం మొక్కుల పుణ్యమా అని మన జిల్లాల్లో వీధికో సత్యనారాయణ. పైగా మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. ఇండెక్స్ వేసే దేశంలో చివర ఉన్నదే ఇంటిపేరు. అందుచేత లోకంలోని వి. వి. సత్యనారాయణలందరూ వాళ్ళ లెక్కలో ఒకే మనిషి. ఆయన పొద్దున్న కిడ్నీలు కోసి, మధ్యాహ్నం వంతెన కట్టి, సాయంత్రం కొబ్బరిచెట్టెక్కుతాడు.

మిగతా సత్యనారాయణలని తీసేశాను. తన వ్యాసాన్ని తనే ఉదహరించుకున్నవీ తీసేశాను. మన భుజం మనమే తట్టుకోవడం కిందికి వస్తుందని వాటిని లెక్కలో వెయ్యరు. ఇక మిగిలింది గీతకి చాలా కింద ఉంది. ఈ అంకె నేను పట్టుకెళ్తే ఆ ట్యాంకులు ఎండిపోతాయి.

కానీ రొయ్యపిల్లల పరీక్ష గురించి పై దేశాలవాళ్ళు సైతం రాస్తున్నారని నాకు తెలుసు. మరి వాళ్ళు ఉదహరిస్తున్నదెవర్ని? వెతికితే అది మా డైరెక్టరుగారి పేరు కింద దొరికింది, దండిగా. ఆ ఇండెక్స్‌లో వ్యాసం ఎక్కేది మొదటి రచయిత పేరు మీద మాత్రమే. మా కేంద్రంలో ఆనవాయితీ ఏంటంటే, పని ఎవరు చేసినా ముందు డైరెక్టరుగారి పేరు, తర్వాత ప్రిన్సిపల్ సైంటిస్టు, ఆ తర్వాత చేసినవాడు. అచ్చం శుభలేఖ పద్ధతే. ఆ వ్యాసంలో సత్యనారాయణగారు మూడో పేరు. డైరెక్టరుగారు కెమికల్స్ ఇండెంట్ మీద సంతకం పెట్టారు. అదీ సాయమే, కాదనను.

తిరిగొచ్చి సంగతి చెబితే సత్యనారాయణగారు సంతోషిస్తారనుకున్నాను. మొహం పాలిపోయింది.

"వద్దు బాబోయ్. నన్ను పైకి లాగితే ఆయన కిందికి దిగాలండి. దిగే మనిషేనా ఆయన? ఊరుకోండి, ఆ బదిలీయే నయం."

నేను ఊరుకోలేదు. ధైర్యం వల్ల కాదు. డైరెక్టరుగారంటే నాకూ భయమే. అసంపూర్ణమైన లెక్క అని తర్వాత ఎవరైనా పట్టుకుంటే పెన్షన్ కాగితాలు ఆగుతాయన్నది ఇంకో భయం. రెండు భయాల్లో పెద్దదాని మాట విన్నాను. ప్రతి వ్యాసానికీ రచయితలందరి పేర్లూ, ఎవరు ఏ పని చేశారో వ్యాసంలోనే ఉన్న వివరంతో సహా రాసి, రిపోర్టుకి అనుబంధంగా చేర్చాను. నేనే టైపు చేసుకున్నాను. మా టైపిస్టుకి ఇస్తే విషయం నాకంటే ముందే డైరెక్టరుగారి గదికి చేరేది.

డైరెక్టరుగారు అనుబంధాన్ని రెండుసార్లు చదివారు. నేను నిలబడే ఉన్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, నా చొక్కా వీపుకి అంటుకుంది.

"ఇది మిమ్మల్నెవరడిగారండీ?"

"సర్క్యులర్‌లో రచయితలు అని ఉందండి. మొదటి రచయిత అని లేదండి."

"పెద్దల పేరు ముందు వెయ్యడం మన మర్యాద. హెడ్డాఫీసు వాళ్ళకది తెలుసు."

"తెలుసండి. సంపూర్ణమని కింద సంతకం తమరిదండి. వాళ్ళు వ్యాసం తెరిస్తే మూడు పేర్లూ కనిపిస్తాయండి."

ఇంత మాట నేనే అన్నానని నాకు గదిలోంచి బయటికొచ్చాక గాని తెలియలేదు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత చాలా మర్యాదగా అడిగారు:

"మీ రిటైర్మెంటు ఎప్పుడండీ?"

"మార్చిలోనండి."

"అదృష్టవంతులు," అని కాగితం సొరుగులో పెట్టేశారు.

ఆ తర్వాత అటెండరు లైబ్రరీ వైపు వచ్చినప్పుడల్లా నాకు మెమో తెచ్చాడనుకునేవాణ్ణి. టీ తెచ్చినా అంతే. గడువు ఆఖరిరోజున రిపోర్టు అనుబంధంతో సహా, సంతకంతో సహా వెళ్ళింది. ఆయన చేత సంతకం పెట్టించినదీ భయమేనని నా అంచనా. ఆయనకీ పైన ఎవరో ఒకరుంటారు కదా. సత్యనారాయణగారి పోస్టు నిలిచింది. ట్రయల్ సాగింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. పేరు పక్కన అంకె వేసేముందు, ఆ పేర్లు ఆ వరుసలో ఎందుకున్నాయో అడిగి తెలుసుకోవాలి. ఇండెక్స్‌కి ఆ సంగతి తెలియదు. మనిషిని అడగాల్సిందే.

నేనూ అడిగాను. నా చివరి నెలలో, ఆ ట్రయల్ మీద సత్యనారాయణగారి కొత్త వ్యాసం అచ్చయి లైబ్రరీకి కాపీ వచ్చింది. మొదటి పేరు డైరెక్టరుగారిది. ఈయనది మూడోది. ఆ పేజీ ఆయన ముందు పెట్టి, మళ్ళీ ఇదేంటండీ అన్నాను.

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, మొదటి పేరు మీద వేలు ఆనించి, పేజీ మూసేశారు.

"మీకేమండీ, మార్చిలో వెళ్ళిపోతారు. వీడింకా ఏడేళ్ళుంటాడు."