ఖలీల్ వాళ్ళమ్మ ఇచ్చిన టమాటా విత్తనాలు

మా చిన్నప్పుడు అరబ్బు దేశంలో, దుఖాన్ అనే ఊళ్ళో మా ఇంటి వెనక పద్నాలుగు ఖాళీ పెయింట్ డబ్బాలు వరసగా ఉండేవి... అన్నిట్లోనూ టమాటా మొక్కలే. నేను అటు వెళ్ళాలంటే ముక్కు మూసుకునేదాన్ని. అమ్మ ఎక్కడినుంచో మేక పెంటికలు తెప్పించి, బకెట్లో నానబెట్టి ఆ నీళ్ళు పోసేది. చేపలు కడిగిన నీళ్ళు కూడా వాటికే... ఈగలు ముసిరేవి.

నాన్న ఆయిల్ కంపెనీలో ఇంజినీరు. చమురు డబ్బు పొంగిపొర్లుతున్న రోజులవి. కంపెనీ ఇల్లిచ్చింది, ఏసీ ఇచ్చింది, కారిచ్చింది... టమాటా మాత్రం ఓడలో రావాల్సిందే. పైకి ఎర్రగా నిగనిగలాడేది, కోస్తే లోపలంతా తెల్లటి బెండు.

"ఛీ... పప్పులో టమాటా వేశానా, స్పాంజి ముక్క వేశానా?" అని అమ్మ కంచం పక్కకి నెట్టేసేది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పుల్లటి టమాటా పప్పు లేకపోతే ఆవిడకి అన్నం తిన్నట్టే ఉండదు.

ఇక అమ్మకి పంతం పట్టుకుంది. ఎవరు సెలవు మీద ఇండియా వెళ్ళినా విత్తనాలు తెమ్మనేది. బెంగుళూరు రకం, హైదరాబాదు రకం, పేరూ ఊరూ లేని పొట్లాలు... అక్టోబరులో నాటితే చలికాలంలో కాసేవి. పండినవన్నీ కోసి, ఉప్పు చల్లి, నాన్ననీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టేది. ఏది రుచిగా ఉందో మేం చెప్పాలి. నాకు పచ్చి టమాటాలో ఆ జిగురు చూస్తేనే రోత. నాలుక చివర ఆనించి "యాక్" అనేదాన్ని. నాన్న మొహమాటానికి "బానే ఉన్నాయిగా" అనేవారు.

"బాగోటం కాదండీ, పులుపుందా?"

ఉండేది కాదు. పులుపు ఉన్నదానికి తోలు మందం. రెండేళ్ళపాటు ఒక్క రకమూ అమ్మ నోటికి నచ్చలేదు.

మా పక్కింట్లో పాలస్తీనా వాళ్ళుండేవారు. వాళ్ళబ్బాయి పేరు ఖలీల్, అందుకని ఆ ఇంటావిడని అందరూ ఉమ్ ఖలీల్ అనేవారు. మా అమ్మకి మాత్రం ఖలీల్ వాళ్ళమ్మ. వాళ్ళ సొంతూరి నుంచి ఎప్పుడో తెచ్చుకున్న టమాటా విత్తనాలు ఆవిడ దగ్గర ఉండేవి... ఆ ఊరికి మళ్ళీ వెళ్ళే దారి లేదట. మా అమ్మ అవస్థ చూసి చిటికెడు ఇచ్చింది. ఒక్కటే మొలిచింది.

ఆ కాయ రూపం ఏం చెప్పమంటారు... ఒళ్ళంతా మడతలు, పగుళ్ళు, మానని పుండులా ఉండేది. తిననంటే తిననని మొరాయించాను. అమ్మ బలవంతంగా నోట్లో కుక్కింది.

అంత అసహ్యమైన కాయ అంత రుచిగా ఎలా ఉందో నాకిప్పటికీ అర్థం కాదు. ముందు పులుపు, వెనకాలే తీపి... నాన్న ఎవరూ చెప్పకుండానే రెండో ముక్క తీసుకున్నారు. ఆ రోజు అమ్మ దాంతో పప్పు చేసుకుని, మారు వడ్డించుకుని తింది. తింటూ కళ్ళు తుడుచుకుంది.

చెట్టు మొత్తానికి ఐదే కాయలు. ఆఖరిది విత్తనానికని ఉంచింది. అప్పటికి ఖలీల్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి కువైట్ వెళ్ళిపోయారు. విత్తనం తీసే పద్ధతి వెళ్ళేముందు ఆవిడే చెప్పిందట. గుజ్జుని గిన్నెలోకి పిండి పులియబెట్టాలి. పైన బూజు కట్టాక కడిగితే మంచి గింజలు అడుక్కి దిగుతాయి. అమ్మ అలాగే చేసి, గిన్నె వంటింటి గట్టు మీద పెట్టి, "ఒసేయ్, దీని జోలికి వెళ్ళావంటే వీపు చీరేస్తాను" అని నాకు చెప్పింది.

మూడో రోజుకి... అబ్బబ్బ! తలుపులన్నీ బిగించి ఏసీ వేసిన ఇల్లు. వాంతి చేసుకున్న గదిలో పడుకున్నట్టు ఉండేది. గిన్నె మీద తెల్లటి బూజు, బుడగలు, చుట్టూ సన్నటి ఈగలు. నాన్న కూడా డ్యూటీకి వెళ్తూ "ఇది ఇల్లా, మురిక్కాలవా?" అని విసుక్కున్నారు.

ఆ మధ్యాహ్నం బడి నుంచి వచ్చి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ నిద్రపోతోంది. ఇక నావల్ల కాలేదు... గౌను అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గిన్నె తీసుకెళ్ళి బాత్రూంలో పారబోశాను. రెండు చెంబుల నీళ్ళు కొట్టాను. గిన్నె సబ్బు పెట్టి తోమి బోర్లించాను కూడా.

అమ్మ లేచేసరికి నాన్న డ్యూటీ నుంచి వచ్చి హాల్లో కూర్చున్నారు.

"గిన్నేది? ఎవరు పారబోశారు?" అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

నేను పుస్తకంలో తల దూర్చాను. నాన్న నా వైపు చూశారు... తడిసిన నా గౌను వైపు చూశారు.

"నేనే. కంపు భరించలేక..." అన్నారు.

"ఒక్క గింజైనా ఉంచారా మనిషీ!"

అమ్మ బాత్రూంలో తూముకున్న జాలీ ఊడదీసి, లోపలికి చెయ్యి పెట్టి వెతికింది. ఆ నల్లటి జిడ్డు, వెంట్రుకల ఉండలు అరచేతిలో వేసుకుని, వేలితో కెలికి కెలికి చూసింది. ఒక్క గింజ కూడా దొరకలేదు. నేను గుమ్మంలో నిలబడి అంతా చూస్తూనే ఉన్నాను, నోరు మాత్రం విప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మ మళ్ళీ టమాటా మొక్క వెయ్యలేదు. నాన్నతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడినా, కంచంలో టమాటా కనిపించినప్పుడల్లా ఒకటే దెప్పు... "ఆయనకి ముక్కు తప్ప నాలుక లేదులే."

ఇప్పుడు నేను అదే దేశంలో, ముఐథర్ అనే చోట ఉంటున్నాను. సూపర్ మార్కెట్లో ఎన్ని రకాల టమాటాలో... ప్లాస్టిక్ పెట్టెల్లో పడుకోబెట్టి, ముద్దుముద్దు పేర్లు పెట్టి అమ్ముతున్నారు. అన్నీ కొని చూశాను. థూ! ఆన్‌లైన్లో విత్తనాలు తెప్పించి పెరట్లో ఆరు రకాలు పెంచాను. రంగుంది, సైజుంది... రుచి మాత్రం చప్పిడి. ఆ రోజుల్లో ఏమీ దొరకని ఎడారిలో దొరికిన రుచి, అన్నీ దొరికే ఈ రోజుల్లో ఎక్కడా దొరకడం లేదు.

నిన్న వీడియో కాల్లో నాన్న "ఇవాళ చారు బాగుంది" అన్నారు. అమ్మ వెంటనే పాత దెప్పే దెప్పింది. నాన్న నవ్వి ఊరుకున్నారు... నలభై ఏళ్ళ పైనుంచీ అలా ఊరుకుంటూనే ఉన్నారు.

మీరు చేసిన పని ఇంకొకరి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్న రోజులు మీకూ ఉంటే కింద రాయండి, నేనేమీ అనుకోను.

అమ్మా... నా ప్రతి పోస్టుకీ దణ్ణం బొమ్మ పెడతావు కదా, దీనికి పెట్టకు. ఆ గిన్నె పారబోసింది నాన్న కాదు.