మూరకు తగ్గిన చీపురు

వాట్‌గంజ్ పేట సందులు ఇరవై ఏళ్లుగా మునిసిపాలిటీ తరఫున ఊడుస్తున్న పుష్పరాణికి కుడి భుజం కిందికి వాలిపోయింది. దగ్గు తెర వచ్చినప్పుడు చీపురు కర్ర మీదే ఆనుకుని నిలబడుతుంది. ఆ చీపురు పుల్లలు అరిగి అరిగి మూరకు తగ్గితేనే కొత్తది దొరుకుతుంది. మునిసిపాలిటీ స్టోరులో సామానిచ్చే పెద్దాయన, అందరూ స్టోరు దాదా అని పిలిచే ఆయన, తన మోచేతికి ఆనించి కొలిచి మరీ ఇస్తాడు.

ఆర్నెల్ల కిందట ఆమె రక్తం తీసుకెళ్లిన పరిశోధకురాలు చిన్మయి ఇవాళ కాగితం పట్టుకొచ్చింది. "మన కణాల్లో క్రోమోజోములుంటాయండీ. వాటి కొనలు పాడవకుండా టెలోమియర్లని తొడుగుల్లాంటివి కాపాడతాయి. కణం రెండుగా చీలినప్పుడల్లా అవి కాస్త అరుగుతాయి. మీకు నలభై ఆరేళ్లే గానీ, అవి అరవై దాటినవాళ్లకున్నంత పొట్టిగా ఉన్నాయి."

"అయితే ఏటి సేత్తారమ్మా?"

"చెయ్యడానికేం లేదండీ. ఇది పరిశోధన కోసమే."

పుష్పరాణి కాగితాన్ని మోచేతికి ఆనించి చూసింది. "సీపురు మూరకి తగ్గితే స్టోరు దాదా కొత్తదిత్తాడు. మరి ఈటిని ఎవులికి సూపించాల?"

చిన్మయి పెన్ను అందించింది. కాగితం ముట్టినట్టు సంతకం కావాలి. కొత్త చీపురు పుచ్చుకున్నప్పుడు స్టోరులో పెట్టే వంకర సంతకమే అక్కడా పెట్టి, పుష్పరాణి పాత చీపురుతో సందులోకి నడిచింది.